సాంచెల గడియారం

మన దగ్గర నిద్రకు కూడా అంతస్తులున్నాయి. ఆఫీసరు మధ్యాహ్నం భోంచేసి సోఫాలో ఒరిగితే దాన్ని విశ్రాంతి అంటారు. కూలిమనిషి అదే మధ్యాహ్నం గోడ నీడకు ఒరిగితే బద్ధకం అంటారు. గురకలో తేడా ఉండదు, గురక ఎవరిదన్న దగ్గరే ఉంటుంది తేడా. ఈ సంగతి డాక్టర్ వనితకు ఏ పుస్తకమూ చెప్పలేదు. గొల్లపల్లిలో, తన ఇంటి వాకిట్లోనే తెలిసింది. దాన్ని లోకానికి రుజువు చేయబోయి ఆమె ఎంత పేరు తెచ్చుకుందో, ఆ పేరును మళ్లీ తన చేత్తోనే ఎట్లా చెరిపేసుకుందో చెప్పడమే ఇక్కడ నా పని.

వనిత తండ్రి దేవయ్య. గుంట భూమి లేని మనిషి. ఊళ్లో ఓ పెద్దరైతు దగ్గర పాలేరుగా జీతం ఉండేవాడు. ఆ రోజుల్లో పొలాల మోటర్లకు కరెంటు రాత్రిపూట ఇచ్చేవారు. పగలు ఇస్తే పట్నాల్లో ఫ్యాన్లు ఆగిపోతాయి కదా! ఆ వచ్చే కరెంటు కూడా ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో దేవుడికి తప్ప ఎవరికీ తెలిసేది కాదు. అందుకని దేవయ్య రాత్రంతా బావికాడ కూర్చునేవాడు. వచ్చినప్పుడు మోటరు వేసి, మడి నిండితే పక్క మడికి నీళ్లు మళ్లించేవాడు. తెల్లారి ఇంటికొచ్చి గటుక్కున ఇంత అంబలి తాగి పడుకునేవాడు. ఊరంతా పండుకున్నప్పుడు ఊరి పొలాలకు నీళ్లు పెట్టినందుకు ఊరు ఆయనకిచ్చిన బిరుదు 'నిద్రపోతు దేవయ్య'.

"ఓ నిద్రపోతు దేవా! నడినెత్తి మీదికి పొద్దచ్చింది, నీకింక తెల్లారలేదారా?" అని రైతు కొడుకు వాకిట్లోకొచ్చి అరిచేవాడు. అతను రాత్రంతా పండుకుని లేచిన మనిషి. అరిచే ఓపిక ఉంటుంది.

వనిత తల్లి రాజక్క ఊరుకునేది కాదు. "పటేలా, రాత్రి నీళ్లు పెట్టింది మీ బాపు అనుకుంటున్నవా ఏంది?" అనేది. అంటే మటుకు ఏమవుతుంది? మర్నాడు మళ్లీ అదే అరుపు. పలకమీద అక్షరాలు దిద్దుకుంటూ వనిత వినేది. మా బాపు నిద్రపోతు కాడని ఎప్పటికైనా అందరి ముందర రుజువు చేయాలని ఆ పిల్ల మనసులో అప్పుడే పడింది. మనుషుల జీవితాలను మలుపు తిప్పేవి గొప్ప ఆశయాలని చెబుతుంటారు. నేను చూసినంతలో, ఎక్కువమందిని మలుపు తిప్పింది ఎవడో వాకిట్లోకొచ్చి అన్న మాటే.

కోరుట్ల హాస్టల్లో ఉండి చదువుకుంది వనిత. అక్కడ నల్లా నీళ్లు తెల్లవారకముందే వచ్చి, తెల్లవారేసరికి పోయేవి. ఆడపిల్లలంతా చీకట్లో లేచి బకెట్లు నింపుకుని, ఆ తర్వాత లెక్కల క్లాసులో వరుసగా తూగేవాళ్లు. లెక్కల సారు సుద్దముక్క విసిరి కొట్టేవాడు. గురి మంచిది. ఎప్పుడూ వనితకే తగిలేది.

"ఏమే, పెద్దయినంక నిద్రల డిగ్రీ చేస్తవా ఏంది?" అన్నాడొకసారి. క్లాసంతా నవ్వింది. సారు నోటి చలవ, ఆ పిల్ల నిజంగానే చేసింది. డిగ్రీ జగిత్యాలలో, ఆ పైచదువు హైదరాబాదులో. నిద్ర మీద, ఒంట్లో ఉండే గడియారం మీద డాక్టరేటు. రాత్రయితే నిద్ర రావడం, పొద్దున మెలకువ రావడం, వేళకు ఆకలేయడం, వీటన్నిటినీ నడిపే గడియారం ఒకటి ప్రతి ప్రాణి లోపలా ఉంటుందట. వెలుతురు చూసి అది తన ముళ్లు సరిచేసుకుంటుందట. రాత్రిని పగలు చేసి, పగలును రాత్రి చేసి దాన్ని మళ్లీ మళ్లీ తిప్పితే ముందు జీర్ణం, తర్వాత గుండె, ఆ తర్వాత మనిషే చెడిపోతాడట.

ల్యాబులో ఆమె పని ఎలుకలతో. చల్లని గదుల్లో పెట్టిన ఎలుకలకు వేళ తప్పకుండా దీపం వెలిగేది, వేళ తప్పకుండా ఆరిపోయేది. ఒక ఎలుక నిద్రను చెడగొట్టాలంటే ముందుగా అనుమతుల సంఘానికి అర్జీ పెట్టుకోవాలి. ఎందుకు చెడగొడుతున్నావు, ఎన్నాళ్లు చెడగొడతావు, దానికి బాధ కలగకుండా ఏం చేస్తావు అని సంఘం ప్రశ్నలు వేసేది. వనిత జవాబులు రాస్తూ రాస్తూ ఒకసారి పెన్ను ఆపేసిందట. మా బాపును ఏళ్ల తరబడి లేపి ఉంచడానికి ఎవరు అర్జీ పెట్టారు అనిపించిందట. ఎలుకలకు ఉన్నపాటి సంఘం జీతగాళ్లకు లేకపోయింది.

అందుకే ఉద్యోగం దొరకగానే ఎలుకలను వదిలి మనుషుల దగ్గరికొచ్చింది. రాత్రీపగలూ తేడా లేకుండా పనిచేసే మనుషుల కోసం ఆమె దూరం పోనక్కరలేదు. సిరిసిల్ల ఉంది.

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటారు. ఒక్కో మనిషి ఒకేసారి ఎన్నో సాంచెలు నడుపుతాడు. పోగు తెగితే ముడెయ్యాలి, నూలు చుట్టిన కండె అయిపోతే కొత్తది పెట్టాలి, ఒకదాని దగ్గరికి పోయేలోగా ఇంకోటి ఆగుతుంది. పగలు పన్నెండు గంటలు ఒకడు, రాత్రి పన్నెండు గంటలు మరొకడు. వారం తిరిగేసరికి పగటివాడు రాత్రికి, రాత్రివాడు పగటికి. మధ్యలో సాంచెలు మటుకు ఎప్పుడూ మారవు, ఎప్పుడూ ఆగవు. సేట్ల దగ్గర నూలు తెచ్చుకుని సాంచెలు పెట్టుకునే చిన్న యజమానిని ఆసామి అంటారు. కూలి మీటరు లెక్కన ఉంటుంది కాబట్టి మనిషి ఆగితే కూలీ ఆగుతుంది.

వనిత విదేశాల నుంచి ప్రత్యేకంగా గడియారాలు తెప్పించింది. వాటికి ముళ్లు లేవు, అంకెలు లేవు. చేతికి కట్టుకుంటే చెయ్యి ఎప్పుడు కదిలిందో, ఎప్పుడు కదలకుండా ఉందో లోపలే గుర్తుపెట్టుకుంటాయి. చెయ్యి నిలకడగా ఉంటే మనిషి నిద్రలో ఉన్నట్టు. నెలల తరబడి కట్టుకుని ఉంటే ఆ మనిషి నిద్ర బొమ్మ గీసినట్టు కంప్యూటరులో కనబడుతుంది.

ఇంటింటికీ తిరిగి కట్టాలని ఆమె అనుకుంది. ఆసాములు ఒప్పుకోలేదు. "ఎందుకు మేడం మీకు తిప్పల? ఇటియ్యున్రి, మేమే కడ్తం" అన్నారు. కార్ఖానాలోనే, సాంచెల పక్కనే నిలబెట్టి ఆసామి ఒక్కొక్కరి చేతికి గడియారం కట్టాడు. "బైటి దేశపుది. పోయిందా, పలిగిందా, కూలిల కోస్త. యాదుంచుకోన్రి" అని కూడా చెప్పాడు. ఆ చివరి మాట వనిత వినలేదు. సాంచెల చప్పుడులో ఎవరి మాటా ఎవరికీ వినబడదు.

నెలల తర్వాత గడియారాలను వెనక్కి తీసుకుంది. ఒకటి తక్కువ పడింది. పోయిందనుకుని ఊరుకుంది. మిగతావాటిలోని బొమ్మలు చూసింది. ఈ మనుషులు పడుకోవడమే లేదు! పగలూ కదలికే, రాత్రీ కదలికే. నడుమ నడుమ చిన్న చిన్న ఖాళీలు. చాయ్ తాగేంత, కరెంటు పోయి వచ్చేంత. ఇంకా ఆశ్చర్యం, షిఫ్టు మారిన వారంలో కూడా బొమ్మ మారలేదు. ఇన్నాళ్లుగా పుస్తకాలన్నీ చెప్పిన ఒంటి గడియారం సిరిసిల్ల మనుషుల్లో లేనే లేదు. దాని బదులు నిద్రను ముక్కలు చేసుకుని, రోజంతా చల్లుకుని బతకడం నేర్చుకున్నారు. దానికామె 'తునకల నిద్ర' అని పేరు పెట్టింది.

కార్మికులను అడగలేదా అంటే, అడిగింది. "ఇంటికి పోయి పండుకుంటం మేడం, షిఫ్టు దిగినంక" అని అందరూ ఒకే మాట చెప్పారు. దాన్ని కూడా వ్యాసంలో రాసింది: 'కార్మికులు తమ నిద్రను ఎక్కువగా ఊహించుకుంటున్నారు.' వ్యాసం పంపిన శాస్త్ర పత్రిక తరఫున, ఎక్కడో విదేశంలో ఉన్న ఒక పరిశీలకుడు మాత్రం, ఒక్కో గడియారం మొదటి నుంచి చివరిదాకా ఒకే మనిషి చేతికి ఉందన్న నమ్మకం మీకుందా అని అడిగాడు. వనితకు కోపమొచ్చింది. ప్రతి గడియారానికీ నంబరుంది, ప్రతి నంబరుకూ ఎదురుగా ఒక పేరుంది అని ఘాటుగా జవాబు రాసింది. మా మనుషులను వీడు అనుమానిస్తున్నాడని అనుకుంది.

అసలు విషయం వేరే ఉంది. ఆ బొమ్మల్లో ఆమెకు తండ్రి కనబడ్డాడు. రాత్రంతా బావికాడ కూర్చుని నడుమ నడుమ రెప్పవాల్చి, పగలు కూడా సరిగ్గా పండుకోకుండా బతికిన దేవయ్య. నిద్రపోతు కాదు, నిద్రే లేని మనిషి. వెతికినది దొరికినప్పుడు దాన్ని గిల్లి చూసేవాళ్లు తక్కువ. శాస్త్రవేత్తలైనా అంతే.

వ్యాసం పెద్ద పత్రికలో వచ్చింది. అవార్డు వచ్చింది. విదేశీ సభల్లో 'సిరిసిల్ల నిద్ర' అని మాట్లాడుకున్నారు. నిద్రలేని ఊరి పేరు ఒక నిద్రకు పెట్టడం మనవాళ్లెవరికీ వింతగా తోచలేదు. జగిత్యాలలో సన్మానం చేసి శాలువా కప్పారు. రాజక్క ముందు వరుసలో కూర్చుంది. ఊరికొచ్చాక ఆ శాలువాను వాకిట్లో దండెం మీద ఆరేసింది. తడిసి కాదు, నలుగురూ చూడాలని.

పక్కింటి లింగవ్వ వచ్చి చూసి, "మీ బిడ్డ నిద్రల డాక్టరట గదనే. నాకు రాత్రిళ్లు కన్నంటుకుంటలేదు, ఓ గోలి రాయిమనరాదు" అంది.

"మా బిడ్డ గోలీలిచ్చే డాక్టరు కాదే."

"మరి?"

"ఎవలు పండుకున్నరో ఎవలు పండుకోలేదో చూస్తది."

"గంతేనా? గది మా అత్త ఫుకట్ల చూసేది" అని లింగవ్వ వెళ్లిపోయింది.

ఇదంతా జరిగాక కార్మికులు ఎనిమిది గంటల షిఫ్టు అడిగారు. ఊరికే అడగలేదు. గంటలు తగ్గినా కూలి తగ్గకుండా మీటరు రేటు పెంచాలన్నారు. సమ్మె దాకా వచ్చింది. ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. దాని పెద్ద మధుకర్ అనే రిటైరైన అధికారి. యజమానుల తరఫున మాట్లాడేది హరీశ్. చదువుకున్న మనిషి, మాట మెత్తన. అతనొక రోజు వనితకు ఫోన్ చేశాడు.

"మేడం గారు, మీరు మన ప్రాంతం గర్వించదగ్గ బిడ్డ. కమిటీ ముందర మీరొచ్చి మీ పరిశోధన గురించి నాలుగు మాటలు చెప్పాలె."

"తప్పకుండ. రాత్రి షిఫ్టుల వల్ల వాళ్ల ఒళ్లు ఎంత దెబ్బతింటుందో..."

"అది కాదు మేడం. మనవాళ్లకు తునకల నిద్ర సరిపోతుందని మీరే రాశారు కద. ఇంక పన్నెండు గంటలైతేనేం, ఎనిమిదైతేనేం? మీ వ్యాసం కాపీలు కమిటీకి ఇచ్చేశాం."

వనిత ఫోన్ పెట్టేసింది. మా బాపు బద్ధకస్తుడు కాడని చెప్పడానికి రాసిన మాట, మా బాపులాంటి వాళ్లకు నిద్రే అక్కర్లేదని చెప్పడానికి పనికొస్తోంది. సరే, వాళ్లు బతుకుతున్నారంటే అది వాళ్ల ఒంటిమీద పడే భారమని, లాభం కాదని కమిటీకి వివరిస్తానని మనసుకు సర్దిచెప్పుకుంది. కమిటీకి చూపించడానికి సాంచెల దగ్గర ఒక కార్మికుడి ఫొటో తీసుకుందామని మీటింగుకు రెండు రోజుల ముందు సిరిసిల్ల పోయింది.

సాయంత్రం షిఫ్టు మారే వేళ. కార్ఖానాలో ఆనందం ఉన్నాడు. మొదట గడియారం కట్టించుకున్నవాళ్లలో ఒకడు. పగటి షిఫ్టు దిగుతున్నాడు. రాత్రి షిఫ్టు ఎక్కడానికి శ్రవణ్ వచ్చి నిలబడ్డాడు. ఆనందం జేబులోంచి కత్తెర తీసి సాంచె మీద పెట్టాడు. పోగులు లాగే కొక్కెం పెట్టాడు. నూనె డబ్బా పక్కకు జరిపాడు. తర్వాత చేతికున్న గడియారం విప్పి వాటి మీద పెట్టాడు. శ్రవణ్ కత్తెర జేబులో వేసుకుని, గడియారం తన చేతికి కట్టుకున్నాడు.

అది ఆ తప్పిపోయిన గడియారం.

"ఆనందం, ఏందది?" అని వనిత చప్పుడు మీద అరిచింది.

"మీదే మేడం! పోలేదు. గీడనే ఉన్నది, పైలంగ" అని ఆనందం కూడా అరిచాడు. "గడియారాలు తీస్కపోయిన దినం మా ఇద్దరి సాంచెలు బందుండె. అప్పటిసంది గిట్లనే నడుస్తున్నది."

"ఆయనెందుకు కట్టుకుంటున్నడు?"

"ఆని షిఫ్టు గద!"

"నేను నీకిచ్చిన కద?"

ఆనందం ఆమెను జాలిగా చూశాడు. "మేడం, కత్తెరను ఇంటికి తీస్కపోతమా? కొక్కెం తీస్కపోతమా? సాంచెల కాడ ఇచ్చింది సాంచెల కాడ్నే ఉంటది. దిగేటోడు ఎక్కేటోనికి ఇస్తడు. గిదీ గంతే."

శ్రవణ్ అందుకున్నాడు. "ఇంటికి తీస్కపోతె పోరగాండ్లు పలగ్గొడితె? ఆసామి కూలిల కోస్తనన్నడు. గా పైసలకు మేం ఎన్ని దినాలు ఉత్తగ నెయ్యాలె?"

"అందరూ గిట్లనే చేసిన్రా?"

"అందరూ గిట్లనే" అన్నాడు ఆనందం, కాస్త గర్వంగా. "మంచిగ కాపాడినం మేడం. ఒక్క గడియ గూడ దాన్ని ఖాళీగ ఉంచలే. ఇప్పుడు సెల్లు అయిపోయినట్టున్నది గని, తీసెయ్యిమని ఎవ్వలు చెప్పలే."

ఫొటో తీయకుండానే బయటికొచ్చింది వనిత. పని చేసే చేతిమీదే ఎప్పుడూ ఉన్న గడియారం. చెయ్యి మారింది, పని మారలేదు. ఇంటికి పోయి పడుకున్న చేతిమీద అది ఒక్క రోజూ లేదు. ఆమె కొలిచింది మనిషి నిద్రను కాదు, సాంచెల నిద్రను. లోకమంతా మెచ్చుకున్న ఆ తునకలు ఇనుము ఆగిన క్షణాలు. షిఫ్టు మారినా బొమ్మ ఎందుకు మారలేదో ఇప్పుడర్థమైంది. సాంచెలకు షిఫ్టు ఉండదు.

ఆ సాయంత్రమే హైదరాబాదులో ఉన్న తన డైరెక్టరుకు ఫోన్ చేసి చెప్పింది. ఆయన మంచివాడు, కంగారుపడ్డాడు. వచ్చే నెల ప్రొఫెసర్ పదవికి ఆమె ఇంటర్వ్యూ ఉంది. ఆ ఇంటర్వ్యూలో చూపించడానికి ఆమె దగ్గరున్నది ఆ ఒక్క వ్యాసమే.

"తప్పు దిద్దుకోవద్దని నేననను. కానీ ఇప్పుడే ఎందుకమ్మా? ఇంటర్వ్యూ అయ్యాక నెమ్మదిగా ఒక సవరణ వేద్దాం."

"కమిటీ ఎల్లుండి కూర్చుంటోంది సార్."

"కమిటీలు కూర్చుంటూనే ఉంటాయి" అన్నాడాయన.

మర్నాడు గొల్లపల్లి పోయింది. దేవయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఇప్పుడు కరెంటు రోజంతా ఉంటోంది, మోటర్లు వాటంతటవే ఆన్ అవుతున్నాయి, దేవయ్యతో ఎవరికీ పని లేదు.

"బాపూ, నువ్వు బావికాడ రాత్రిళ్లు నడుమ నడుమ కునుకు తీసేటోనివి గద?"

"కునుకెక్కడిది బిడ్డా? కునుకు తీస్తె మోటరు కాలుతది. మోటరు కాలితె పటేలు నన్ను కాలుస్తుండె."

"మరెప్పుడు పండుకునేటోనివి?"

"పొద్దుగాల ఇంటికచ్చి. ఒక్కటే నిద్ర! పక్కపొంటి పాము వోయినా ఎర్కుండకపోయేది."

"తునకలు తునకలుగా కాదా?"

"తునకలేంది?" దేవయ్య బిత్తరపోయాడు. "నిద్రనా, యాటకూరనా?"

లోపల్నుంచి రాజక్క నవ్వింది. "గట్ల పండుకున్నడు గాబట్టే 'నిద్రపోతు' అన్నరు. రాత్రంత కష్టం జేసినోడు పండుకుంటె మీకేం నొప్పి అని అడగాలె గని, మా బాపు పండుకోనేలేదని చెప్పుడేందే? పండుకుంటె తప్పా?"

వనిత జరిగింది చెప్పింది. పేరు పోతుందని, పదవి రాదని కూడా చెప్పింది. రాజక్క గడపలోకొచ్చి నిలబడింది.

"పేపర్ల పడ్డది గద, గది గూడ తీసేస్తరా?"

"అవార్డు వాపస్ అడుగుతరు కావచ్చు."

"శాలువా?"

"శాలువా ఎవ్వరు అడుగరవ్వా."

"గట్లయితె ఇగ పో, చెప్పు" అని రాజక్క పొయ్యి దగ్గరికి పోయింది.

కమిటీ సిరిసిల్లలో ఒక ఫంక్షన్ హాల్లో కూర్చుంది. గుమ్మం దగ్గర యజమానులు పెట్టించిన ఫ్లెక్సీలో వనిత ఫొటో ఉంది, చేతులు జోడించినట్టు. ఆమె ఎప్పుడూ అట్లా ఫొటో దిగలేదు. హరీశ్ ముందుగా లేచి మాట్లాడాడు. తక్కువ నిద్రతో సరిపెట్టుకోవడం మన నేల గొప్పతనమని, ప్రపంచమే దాన్ని గుర్తించిందని, ఎనిమిది గంటల షిఫ్టు తెచ్చి ఆ గొప్పతనాన్ని పాడుచేయొద్దని మనవి చేశాడు. ముందు కుర్చీల్లో యజమానులు చప్పట్లు కొట్టారు. వెనక బల్లల మీద కార్మికులు కూర్చున్నారు. వారం మారి రాత్రి షిఫ్టు పడ్డ ఆనందం, నిద్ర మానుకుని వచ్చాడు.

వనిత మైకు ముందుకొచ్చింది. తయారు చేసుకొచ్చిన కాగితాలు తీయలేదు.

"నా వ్యాసం తప్పు" అంది. "నేను మనుషుల నిద్రను కొలవలేదు. గడియారాలు షిఫ్టు షిఫ్టుకు చేతులు మారినయ్. ఆ సంగతి నేను చూసుకోలేదు. వాళ్లు ఇంటికి పోయి పండుకుంటామని చెప్తే నమ్మలేదు. వ్యాసాన్ని వాపస్ తీసుకుంటున్నానని పత్రికకు పొద్దున్నే రాసిన. తునకల నిద్రనేది లేదు. మీ ఇంట్లో, మా ఇంట్లో మనుషులకెంత నిద్ర కావాలో వీళ్లకూ అంతే కావాలి. అది దొరుకుతుందా లేదా అన్నది ఇప్పటిదాకా ఎవరూ కొలవలేదు."

హాలంతా గుసగుసలు. హరీశ్ మెత్తగానే లేచాడు. "అంటే మేడం, తప్పు చేసినట్టు ఒప్పుకుంటున్నారా?"

"ఒప్పుకుంటున్న."

"సార్, తప్పు చేశానని స్వయంగా చెబుతున్న మనిషి మాటను కమిటీ ఎట్లా పరిగణనలోకి తీసుకుంటుంది?" అన్నాడు మధుకర్ వైపు తిరిగి. ఆమె తప్పు రాసినన్నాళ్లూ గుమ్మంలో ఫ్లెక్సీ కట్టారు. నిజం చెప్పిన పావుగంటకు ఆమె మాట చెల్లకుండా పోయింది. మీటింగు ముగిసేలోగా ఫ్లెక్సీ కూడా మాయమైంది.

మధుకర్ కళ్లజోడు తుడుచుకున్నాడు. "అంటే వీళ్లు ఎంతసేపు పండుకుంటున్నారో ఎవరికీ తెల్వదన్న మాట."

"మాకెర్కే సార్!" అని వెనకనుంచి ఆనందం అరిచాడు. సాంచెల దగ్గర అరిచిన గొంతు, మైకు అక్కర్లేదు. "వారమంత రాత్రి జేసి, తెల్లారి పండుకుంటె రేకుల ఇల్లు కాగుతది. మస్తు మస్తు నిద్ర మీదున్నప్పుడే కుక్కర్ మొత్తుకుంటది, ఆటో మొత్తుకుంటది. ఇగ గా నిద్ర ఒంటవడ్డదనంగ మల్ల పగలు షిఫ్టు."

అందరూ నవ్వారు. మధుకర్ కూడా నవ్వాడు. "నీకు తెలిస్తే లాభం లేదయ్యా. కాగితం మీద ఉండాలె."

కమిటీ ఆ రోజు కాగితం మీద రాసింది ఇది: శాస్త్రీయ ఆధారాలు లేనందున మరో అధ్యయనం జరిపించాలి. అంతవరకు షిఫ్టులు యథాతథం. మునుపు పొరపాటు చేసినందువల్ల డాక్టర్ వనితకు ఈ బాధ్యత అప్పగించరాదు.

ప్రొఫెసర్ పదవి ఎలుకల మీదే పనిచేస్తూ వచ్చిన ఆమె సహోద్యోగికి వచ్చింది. ఎలుకలతో ఆ భరోసా ఉంది. కట్టిన పట్టీని అవి ఒకదానికొకటి అప్పగించుకోవు. అవార్డు ఇచ్చినవాళ్లు మర్యాదగా ఉత్తరం రాసి వాపస్ తీసుకున్నారు. శాలువా ఎవరూ అడగలేదు.

కొత్త అధ్యయనం పనిని ప్రభుత్వం హైదరాబాదులోని ఒక ప్రైవేటు సంస్థకు ఇచ్చింది. ఆరు నెలలు గడిచాయి. జగిత్యాల బస్టాండులో గొల్లపల్లి బస్సు కోసం నిలబడి ఉండగా వనితకు ఫోన్ వచ్చింది.

"మేడం, నేను ఆనందం. మల్ల గడియారాలచ్చినయ్! గీసారి మస్తున్నయ్, రంగు రంగులయి."

"ఎవరు కట్టిన్రు?"

"ఎవరు గడ్తరు? ఆసామే. సాంచెల కాడ్నే. పోతె కూలిల కోస్తనన్నడు."

బస్సు వచ్చింది. వనిత ఎక్కలేదు.

"ఆనందం, ఈసారి ఇంటికి తీస్కపో. స్నానానికి తప్ప విప్పకు. ఎవరికీ ఇయ్యకు. అందరికీ చెప్పు."

"పోతె?"

"పోతే పైసలు నేను కడత."

"మీరేం కడ్తరు మేడం, ఉన్న పేరు గూడ కట్టేసిన్రు" అని నవ్వాడు ఆనందం. "మేం చందాలేసుకుంటం తియ్యి" అన్నాడు.

ఆ మాట కార్ఖానా నుంచి కార్ఖానాకు పాకింది. మర్నాడు పొద్దున ఆనందం రాత్రి షిఫ్టు దిగాడు. కత్తెర పెట్టాడు, కొక్కెం పెట్టాడు, నూనె డబ్బా జరిపాడు. శ్రవణ్ అలవాటుగా ఎడమచెయ్యి చాపాడు. అతని చేతికి తన గడియారం ఒకటి అప్పటికే ఉంది. అయినా చాపాడు.

"ఏందే, సాంచెల గడియారం ఎత్కపోతున్నవ్?"

"సాంచె పండుకుంటదార? నేను పండుకుంట" అని ఆనందం బయటికి నడిచాడు.

ఇంటి దగ్గర అతని భార్య కల్యాణి నలుగురు ఆడవాళ్లతో వాకిట్లో కూర్చుని బీడీలు చుడుతోంది. ఆనందం చేయి కడుక్కుని, గడియారం తడవకుండా చూసుకుని, నాలుగు ముద్దలు తిని, లోపల చాప మీద పడుకున్నాడు. కాసేపటికి వీధిలో ఎవరో గట్టిగా నవ్వారు. పక్కింటామె కుక్కర్ పెట్టబోయింది.

కల్యాణి చేట పక్కన పెట్టి లేచి నిలబడింది. పగటిపూట పండుకునే మొగుణ్ణి ఇన్నేళ్లుగా సంజాయిషీ చెబుతూ దాచుకున్న మనిషి. ఈసారి గొంతు తగ్గించలేదు.

"ఏ, జర మెల్లగ మాట్లాడున్రి! మా ఆయిన సర్కారు పని మీదున్నడు."